మూడు ఆదివారాలు

ప్రతి ఆదివారం పొద్దున్న కాఫీలు అయ్యాక మా వంటింటి గట్టు మీద ఒక తూకం జరుగుతుంది. మా ఆవిడ ఆవకాయల కాలంలో ఉప్పూ కారమూ తూచుకోవడానికి కొనుక్కున్న చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటుంది. దాని మీద స్టీలు గిన్నె పెట్టి, అందులో రెండు కొత్తిమీర రెమ్మలు వేసి, అంకెను సున్నాకు తెస్తాను. తరువాత ఒక చెయ్యి ఛాతీ కిందా, ఒక చెయ్యి వెనక కాళ్ళ కిందా పెట్టి చింతను ఎత్తి ఆ గిన్నెలో కూర్చోబెడతాను. అది కొత్తిమీర నములుతూ కదలక మెదలక ఉన్న ఆ కాస్త వ్యవధిలో అంకె చూసి, పక్కనున్న రూళ్ళ పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటాను. దాని తరువాత గరిక, ఆ తరువాత జామ. మూడింటికీ కలిపి అయిదు నిమిషాల పని.

ఇంత చిన్న పని గురించి ఇంత పెద్ద వ్యాసమా అని మీరు అడగవచ్చు. ఆ పుస్తకంలో ఒకచోట వరుసగా మూడు ఆదివారాలు ఖాళీగా ఉన్నాయి. నేను చెప్పదలచుకున్నది ఆ ఖాళీల గురించే. అయితే అక్కడికి చేరాలంటే కొంచెం వెనక నుంచి నడుచుకుంటూ రావాలి.

చింత, గరిక, జామ మా ఇంట్లో పెరుగుతున్న గినీ పందులు. పేరు దగ్గరే చిక్కు ఉంది. అందులో ఉన్నవి రెండే మాటలు, రెండూ తప్పే. ఈ జంతువు ఆఫ్రికాలోని గినీ దేశానిది కాదు, పందికీ దీనికీ బంధుత్వమూ లేదు. ఎలుకలకూ ఉడతలకూ దూరపు చుట్టం. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద ఉండేవాళ్ళు కొన్ని వేల ఏళ్ళ క్రితమే దీన్ని మచ్చిక చేసుకున్నారు, అదీ ముద్దు చేయడానికి కాదు, వండుకోవడానికి. పెరూ దేశంలో ఈనాటికీ తింటారు. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళ ఓడలెక్కి ఐరోపా చేరాక అక్కడి సంపన్నుల పిల్లల ఒళ్ళోకి ఎక్కింది. ఆ తరువాత శాస్త్రజ్ఞుల బల్ల మీదకూ ఎక్కింది. 1782-83 చలికాలంలో పారిస్‌లో లవాజియే, లాప్లాస్ కలిసి ఒక గినీ పందిని చుట్టూ మంచు పేర్చిన పాత్రలో కూర్చోబెట్టి, దాని ఒంటి వేడికి కరిగిన నీటిని కొలిచారు. ఊపిరి తీయడమూ నెమ్మదిగా మండటం వంటిదేనని ఆ కొలతతో తేల్చారు. అంటే దీన్ని తూచడం, కొలవడం లోకానికి కొత్త కాదు. ఇన్ని వందల ఏళ్ళుగా తూచినవాళ్ళు కూరకోసమో, శాస్త్రంకోసమో, ఏదో ఒక తమ అవసరంకోసమే తూచారు.

మా ఇంటికి ఇవి 2021 జూలై రెండోవారంలో వచ్చాయి. కళాశాలలు ఇంకా పూర్తిగా తెరవలేదు. మా అమ్మాయి ఏదో పనిమీద విశాఖపట్నం వెళ్ళి, తిరుగు ప్రయాణంలో చెప్పుల అట్టపెట్టె ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగింది. పెట్టెకు నాలుగు వైపులా చిల్లులున్నాయి. లోపల రెండు పిడికెడు ప్రాణాలు. "రెండూ పెంటివే నాన్నా, అమ్మినాయన చెప్పాడు" అంది. నేను కోప్పడదామని నోరు తెరిచేలోగా పెట్టెలోంచి సన్నటి ఈల వినబడింది. ఈల విన్నాక కోప్పడటం ఎలాగో నాకు తెలియలేదు.

బయటి నుంచి వచ్చినదానికల్లా ముందు 'సీమ' తగిలించి ఇంటిదాన్ని చేసుకోవడం మనవాళ్ళ అలవాటు. సీమచింత, సీమకోడి, సీమవంకాయ. ఆ లెక్కన వీటినీ సీమ ఎలుకలు అంటే సరిపోతుందని నేనన్నాను. అమ్మాయి అందులో సగం తీసుకుని తెల్లదానికి 'సీమ' అని, పండిన చింతకాయ రంగులో ఉన్నదానికి 'చింత' అని పేర్లు పెట్టింది. రెండింటినీ కలిపి పిలిస్తే సీమచింత. ఎదురింటి మామ్మ చూడటానికి వచ్చి చాలాసేపు గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఓలమ్మో, ఇదేటి బాబూ! ఎలకా కాదు, సెవులపిల్లీ కాదు. తోకేది? దీని తోక ఎవుడు కోసీనాడు?" అంది. పుట్టుకతోనే తోక ఉండదని చెప్పినా ఆవిడ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మలేదు.

వాటిని ఎలా పెంచాలో మాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు. కుందేలుకు పెట్టేదే దీనికీ పెట్టవచ్చునని ఎవరో అంటే, కుందేళ్ళ కోసం అమ్మే గుళికలు తెప్పించాం. నానబెట్టిన శనగలు, గుప్పెడు బియ్యం, గోధుమ తవుడు, పక్క కళ్ళంలోంచి తెచ్చిన ఎండు వరిగడ్డి. గిన్నె నిండుగా ఉండేది, అవి తింటూనే ఉండేవి. నేను చేతులు దులుపుకుని, బాగానే చూసుకుంటున్నామని తృప్తి పడేవాడిని.

ఆగస్టు రెండోవారానికి చింత మూల విడిచి రావడం మానేసింది. పొద్దున్నే మా అడుగుల చప్పుడు వినగానే ఈల వేసేది కాస్తా మూగబోయింది. ఎత్తబోతే కీచుమని అరిచింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటున్నట్టు నడిచింది. ఒంటి మీది బొచ్చు వాన తడిసి ఆరిన గడ్డిలా రేగిపోయింది. ఏదో దెబ్బ తగిలిందనుకున్నాం. బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు గారి దగ్గరకు తీసుకువెళ్ళాం. ఆయన రోజంతా చూసేవి గేదెలు, మేకలు. బుట్టలో ఉన్నదాన్ని చూసి నవ్వి, "చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలో చూశాను మాస్టారూ, మళ్ళీ ఇదే చూడటం" అన్నారు. కీళ్ళు తడిమి, పెదవి పైకెత్తి చిగుళ్ళు చూశారు. ఏం పెడుతున్నారని అడిగి, నేను గొప్పగా చెప్పిన జాబితా అంతా విని, "ఇందులో పచ్చిది ఒక్కటీ లేదే!" అన్నారు.

విషయమేమిటంటే, ఆవుకూ కుక్కకూ ఎలుకకూ కావలసిన విటమిన్ సి వాటి ఒంట్లోనే తయారవుతుంది. అలా తయారుచేసుకోలేని కొద్ది జంతువుల్లో మనిషి ఒకడు, గినీ పంది ఒకటి. కుందేలు తయారుచేసుకుంటుంది కనుక కుందేలు గుళికల్లో దాన్ని కలపవలసిన అవసరం లేదు. పైకి ఒకేలా కనిపించే రెండు ప్రాణుల మధ్య ఇంత తేడా ఉంది. వారాల తరబడి విటమిన్ సి అందకపోతే పూర్వం నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు వచ్చిన స్కర్వీ జబ్బే దీనికీ వస్తుంది. కీళ్ళలో, చిగుళ్ళలో నెత్తురు కమ్ముతుంది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు వేరే జబ్బు గురించి పరిశోధిస్తూ గినీ పందులకు ధాన్యం మాత్రమే పెడితే, వాటికి స్కర్వీ వచ్చింది. ఆహారంలో ఏదో లోపించడం వల్లనే ఈ జబ్బు వస్తుందని రుజువు చేయడానికి అదే దారి చూపింది. ఆ లోపించినది ఫలానా అని 1930లలో తేల్చింది కూడా ఈ జంతువుల మీదనే. మనుషుల స్కర్వీ గుట్టు విప్పినదాన్ని తెచ్చుకుని, నూట పద్నాలుగేళ్ళ తరువాత, సముద్రపు ఒడ్డున, పెరట్లో జామచెట్టు పెట్టుకుని, ధాన్యం పెట్టి దానికి స్కర్వీ తెప్పించాను నేను!

అవును, మా పెరట్లో జామచెట్టు ఉంది. అది కాపు కాలం. కాయలు రాలి మట్టిలో కుళ్ళుతున్నాయి. వంద గ్రాముల జామలో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుందని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికలు చెబుతున్నాయి. కిలో బరువుండే గినీ పందికి రోజుకు కావలసింది పది మిల్లీగ్రాములు, జబ్బుగా ఉన్నప్పుడు దానికి రెండు మూడు రెట్లు. అంటే వేలెడంత జామ ముక్క. ఆ ముక్క ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఉన్నది ఒక ప్రాణం. డాక్టరు గారు కొద్ది రోజులపాటు విటమిన్ చుక్కలు ఇచ్చారు. మేము జామ, కొత్తిమీర, క్యాప్సికం ముక్కలు మొదలుపెట్టాం. పదిరోజులు తిరిగేసరికి చింత మళ్ళీ ఈల వేసింది. తరువాత ఒకనాడు తోచింది. జామ కూడా అమెరికా ఖండం నుంచే మనకు వచ్చిందట. ఒకే ఖండం నుంచి వేరువేరు ఓడల్లో వచ్చిన రెండు ప్రాణాలు కళింగపట్నంలో మా పెరట్లో కలుసుకున్నాయి. మధ్యలో అడ్డుగా ఉన్నది నా తెలియనితనం ఒక్కటే.

"తిండి గిన్నె చూసి బాగుందనుకోకండి మాస్టారూ, వారానికొకసారి తూచండి" అన్నారు డాక్టరు గారు. అడవిలో పదిమందికి ఆహారమయ్యే జీవి తన జబ్బును బయటపెట్టదు. బలహీనంగా కనబడితే ముందు దాన్నే పట్టుకుపోతారు కదా. అందుకని ఓపిక ఉన్నంతవరకూ మామూలుగానే కనిపిస్తుంది, తింటున్నట్టు నటిస్తుందని కూడా అంటారు. పైకి తెలిసేసరికి చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది. ముందుగా తెలిపేది ఒక్క బరువే. ఆ మాట ప్రకారం 2021 ఆగస్టు 15, ఆదివారం నాడు మా అమ్మాయి రూళ్ళ పుస్తకం మొదటి పేజీలో గీతలు గీసి రాసింది: సీమ 460, చింత 395.

అక్కడి నుంచి చింత బరువు ఎక్కడమే ఎక్కడం. 430, 490, 560. చూసినవాళ్ళకల్లా పుస్తకం విప్పి చూపించి జామకాయ మహిమ వర్ణించేవాడిని. సెప్టెంబరు మొదటివారంలో డాక్టరు గారికీ చూపించాను. ఆయన చింత పొట్ట మీద రెండు వేళ్ళు ఆనించి, కాసేపు ఆగి, "జామకాయలకు కాళ్ళు కూడా ఉన్నాయి మాస్టారూ" అన్నారు. సీమను తిప్పి చూసి ఇది పోతని తేల్చారు. కడుపుతో ఉంది కనుకనే దానికి సి విటమిన్ ఎక్కువ కావలసి వచ్చిందనీ, అందుకే జబ్బు ముందుగా దానికి కనబడిందనీ చెప్పారు. ఈనిన కొద్ది గంటల్లోనే పెంటి మళ్ళీ కడుపు కట్టగలదు, అందువల్ల సీమను వెంటనే వేరుగా ఉంచమన్నారు. ఇంటికి వచ్చి బోనుకు మధ్యన వల కట్టాం. ఒకదాన్నొకటి చూసుకోగలవు, ముక్కు ముక్కు ఆనించుకోగలవు, అంతే. అంకెలు వేయడం వేరు, అంకెలను చదవడం వేరు అని ఆనాడు తెలిసింది. పుస్తకం నిజమే చెప్పింది. నేనే నాకు నచ్చిన అర్థం చెప్పుకున్నాను.

వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న మా ఊరి పేరు బయట లోకానికి తుఫాను వచ్చినప్పుడే వినబడుతుంది. కళింగపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఈశాన్యంగా, తూర్పు ఆగ్నేయంగా అంటూ రేడియోలో చెబుతుంటే, మామూలు రోజుల్లో ఎవరికీ పట్టని ఊరు ఆ రెండు రోజులూ భూమికి నడిబొడ్డు అయిపోయినట్టు ఉంటుంది. 2021 సెప్టెంబరు 26 ఆదివారం. ఆ పొద్దున్న తూకం వేశాం. చింత 850. సాయంత్రం ఏడున్నర దాటాక గులాబ్ తుఫాను మాకు ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. కరెంటు అంతకుముందే పోయింది. సరుగుడు తోటల హోరు ఏదో, సముద్రపు హోరు ఏదో విడదీయలేకపోయాం. బోనును వరండాలోంచి నడిమి గదిలోకి తెచ్చి, చుట్టూ బియ్యం బస్తాలు అడ్డం పెట్టాం. ఈదురు చల్లదనం తగలకుండా పాత నూలుచీర కప్పాం. అమ్మాయి ముందుచూపుతో పొద్దున్నే పోగుచేసిన గరిక తడిసిపోకుండా ఇత్తడి బిందెలో దాచింది.

రాత్రి పదకొండు ప్రాంతంలో చీర అంచు తొలగించి చార్జింగు లైటు వేసి చూస్తే, చింత ఒళ్ళు ముడుచుకుని తల కిందికి వంచి ఏదో నాకుతోంది. ముందు ఒకటి, పావుగంట తరువాత ఇంకొకటి. ఎలుకపిల్లల్లా గులాబీరంగు తోలు ముద్దలు ఉంటాయనుకున్నాను. ఇవి బొచ్చుతో, గోళ్ళతో, పళ్ళతో, కళ్ళు పూర్తిగా తెరుచుకుని పుట్టాయి. తల్లి కడుపులో రెండు నెలల పైచిలుకు ఉండి, లోకంలోకి తయారై వస్తాయి. పుట్టిన గంటకు లేచి నిలబడి, లైటు వంక చూశాయి. బయట ఇళ్ళ రేకులు ఎగిరిపోతున్న రాత్రి, మా నడింట్లో రెండు కొత్త ప్రాణులు ఏమీ జరగనట్టు తల్లి పక్కన సర్దుకున్నాయి. మర్నాటికి ఒకటి గరిక పోచ కొరకడం మొదలుపెట్టింది. దానికి గరిక అనీ, రెండోదానికి జామ అనీ పేర్లు. రెండూ పెంటివే. ఈసారి డాక్టరు గారే చూసి చెప్పారు. ఆ తరువాతి ఆదివారం పుస్తకంలో నాలుగు వరుసలయ్యాయి. చింత 565.

గరిక అనగానే ఒక మాట చెప్పాలి. దీనికి ప్రధానాహారం గడ్డి. మిగిలినవన్నీ పైపై మర్యాదలు. దీని పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మా వైపు గట్ల మీద, గుళ్ళ వెనక, ఎక్కడ పడితే అక్కడ దొరికే గరిక దీనికి శ్రేష్ఠం. వినాయకచవితికి మాత్రమే గుర్తొచ్చే ఆ పోచ విలువ నాకు రోజూ తెలుస్తోంది. మూషికవాహనుడికి గరిక ఇష్టమని పెద్దలు ఎందుకన్నారో గాని, అందులో ఆయన వాహనం మాట కూడా ఉండే ఉంటుంది! మునగాకూ మంచిదే, కాని అందులో సున్నం ఎక్కువ. రోజూ పెడితే మూత్రంలో రాళ్ళు కడతాయి. వేసవి ఇంకో గండం. దీనికి చెమట పట్టదు. ఆండీస్ చల్లదనానికి పుట్టిన ఒళ్ళు ముప్ఫై డిగ్రీలకే రొప్పుతుంది. మే నెల మధ్యాహ్నాలు పగిలిన మట్టికుండను అడ్డంగా పడుకోబెట్టి, పైన తడిగుడ్డ కప్పితే అందులో దూరి పడుకుంటాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగా, ఎక్కువగా తప్పు చేశాకనే నేర్చుకున్నవి.

నవంబరులో అమ్మాయి హాస్టలుకు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పుస్తకం నా చేతిలో పెట్టి, "ఆదివారం మరిచిపోకు నాన్నా" అంది. ఏడాదికి పైగా మరిచిపోలేదు.

మా మండలంలోనే శ్రీకూర్మం ఉంది. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి. కూర్మనాథుడి దర్శనానికి వెళ్ళినవాళ్ళు వాటికి గోంగూర పెట్టి, చెయ్యి కళ్ళకద్దుకుని వస్తారు. నేనూ చిన్నప్పటి నుంచి పెట్టాను. ఒకసారి అలా పెడుతూ ఉండగా అనిపించింది, ఆకు అందించిన ఆ రెండు నిమిషాలే నావి. నేను బస్సెక్కాక మిగిలిన ఇరవై మూడున్నర గంటలూ ఏది తిన్నది, ఏది తినలేదు, ఏది నిన్నటి నుంచి అక్కడే ఉండిపోయింది అని చూడవలసిన మనిషి వేరే ఒకరుంటారు. తినిపించడంలో ఆనందం తినిపించినవాడిది. చూసుకోవడం వేరే పని. అందులో ఫోటో తీసుకోదగ్గది ఏదీ ఉండదు. ఈ మాట నాకు నేను ఎంతో అందంగా చెప్పుకున్నాను. చెప్పుకున్న కొద్ది నెలలకే తప్పాను.

2023 సంక్రాంతి. జనవరి 1 ఆదివారం, తూకం వేశాను: సీమ 1,085. ఎనిమిదో తేదీన ఇంటికి సున్నాలు. పదిహేనున పండుగ, ఇంటినిండా చుట్టాలు. ఇరవై రెండున, చుట్టాలు వెళ్ళిన బడలిక. మూడు ఆదివారాలూ గడ్డి వేశాను, జామ ముక్కలు వేశాను, నీళ్ళు మార్చాను. పిల్లలు వస్తే చూపించి ఈలలు వేయించాను. తూచలేదు. అందరూ ముద్దు చేస్తూనే ఉన్నారు. ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు.

25వ తేదీ బుధవారం సాయంత్రం సీమను ఎత్తితే చేతికి తేలికగా తగిలింది. దవడ కింద గోలీకాయంత గడ్డ. గుండె గుభేలుమంది. త్రాసు తెచ్చి పెట్టాను: 890. దాదాపు రెండు వందల గ్రాములు పోయాయి. అంటే మనలాంటివాళ్ళకు పది పన్నెండు కిలోలు తగ్గినట్టు. రెండో వారమో, మూడో వారమో తూచి ఉంటే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే తెలిసేది. డాక్టరు గారు ఊళ్ళో లేరు. ఫోను ఉంది, చేయవచ్చు. కాని రాత్రివేళ ఎందుకు ఇబ్బంది పెట్టాలని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే మూడు వారాలు తూచలేదని ఆయనతో చెప్పడానికి సిగ్గుపడ్డాను. చీముగడ్డకు ఇచ్చేది యాంటీబయాటిక్కే కదా అనుకున్నాను. పండుగకు వచ్చిన పసివాడికి దగ్గు వస్తే కొన్న అమాక్సిసిలిన్ సిరప్ అల్మరాలో సగం మిగిలి ఉంది. పసిపిల్లలకే పోసేది దీనికేం చేస్తుందనుకుని, చుక్కల లెక్కన ఆ రాత్రీ, మర్నాడు రెండు పూటలా పట్టాను.

గురువారం రాత్రికి విరేచనాలు మొదలయ్యాయి. శుక్రవారం పొద్దున్న ఫోను చేశాను. ఏం మందు పట్టానో చెప్పగానే అవతల కాసేపు మాట లేదు. తరువాత ఆయన మెల్లగా చెప్పారు. గినీ పంది తిన్న గడ్డిని అరిగించేవి దాని పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు. పెన్సిలిన్ జాతి మందు నోటి ద్వారా ఇస్తే అవి చచ్చిపోతాయి. వాటి చోట విషం పుట్టించే క్రిములు పెరుగుతాయి. మనిషికి ప్రాణం పోసే మందు దీనికి ప్రాణాంతకం. సురక్షితమైన మందులు వేరే ఉన్నాయి, ఫోను చేసి ఉంటే పేరు చెప్పేవాడినన్నారు. 1940 మే నెలలో ఆక్స్‌ఫర్డులో పెన్సిలిన్‌ను జంతువుల మీద పరీక్షించినప్పుడు ఎనిమిది తెల్ల ఎలుకలను వాడారు. ఎలుకలు కాకుండా గినీ పందులను ఎంచుకుని ఉంటే ఆ మందు విషమని తేల్చి పక్కన పడేసి ఉండేవారని వైద్యచరిత్ర చదివినవాళ్ళు అంటుంటారు. ఈ సంగతి నేను ఎంతో ఆసక్తిగా చదివాను. సీమ పోయిన తరువాత.

శుక్రవారం రాత్రి సీమ నా ఒళ్ళోనే పోయింది. పోయేముందు పెద్ద బాధ ఏదీ చూపించలేదు. చూపించకపోవడమే దాని స్వభావమని ముందే చెప్పాను కదా. మర్నాడు జామచెట్టు మొదట్లో పాతిపెట్టాను. వల అవతల చింత రెండు రోజులపాటు అటువైపే ముక్కు పెట్టుకుని కూర్చుంది.

అమ్మాయితో ఫోనులో గడ్డ వచ్చి పోయిందని మాత్రం చెప్పాను. శివరాత్రికి వచ్చింది. జామచెట్టు దగ్గరకు వెళ్ళి వచ్చి, నేరుగా పుస్తకం తీసింది. జనవరి పేజీ దగ్గర వేలు ఆగింది. "ఈ మూడు ఆదివారాలూ ఏమయ్యాయి నాన్నా?" అంది. ఆ గొంతులో కోపం లేదు, అడిగిందంతే. అప్పుడు మందు సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత పెన్ను తీసుకుని ఆ మూడు గడుల్లో అడ్డగీతలు గీయబోయి, గీయకుండానే పుస్తకం మూసేసింది. ఆ గడులు అలాగే ఖాళీగా ఉన్నాయి.

నేను చేసిన తప్పులు రెండు. మొదటిది చూడకపోవడం. రెండోది చూసిన మరుక్షణం, చూడనందుకు పరిహారంగా, ఏదో ఒకటి చేసేయాలని తొందరపడటం. మొదటి తప్పు దాచుకోవడానికే రెండోది చేశానని ఇప్పుడు అర్థమవుతోంది. ఈ రెండు తప్పులూ గినీ పందుల విషయంలోనే చేస్తామా? మంచానపడిన తల్లిదండ్రుల విషయంలో, దూరాన ఉన్న పిల్లల విషయంలో చేయమా? తిన్నావా అని అడిగి ఫోను పెట్టేస్తాం. ఎలా ఉన్నావో చూడటానికి ఓపిక ఉండదు. ఒకనాడు హఠాత్తుగా భయం వేసి, అల్మరాలో ఏది దొరికితే అది పట్టుకుని పరిగెడతాం. ప్రేమ లేక కాదు. ప్రేమ ఉంది కనుక చూడకపోయినా ఫరవాలేదనుకుంటాం.

చింత ఇప్పుడు ముసలిదయింది. ఇవి బతికేది అయిదు నుంచి ఎనిమిదేళ్ళు. కొద్దికొద్దిగా బరువు తగ్గుతోంది. వయసు తగ్గింపు ఏదో, జబ్బు తగ్గింపు ఏదో పోల్చుకోవడం నేర్చుకుంటున్నాను. అనుమానం వస్తే వేళ చూసుకోకుండా ఫోను చేస్తున్నాను. ఎదురింటి మామ్మ ఆదివారం తూకం వేళకు వచ్చి గడప మీద కూర్చుంటుంది. "ఎంతుంది?" అని అడుగుతుంది. నేను అంకె చెబుతాను. గ్రాముల లెక్క ఆవిడకు తెలియదు. అయినా తల ఊపి, "పోనీలే, ఉంది కదా" అని లేచి వెళ్ళిపోతుంది.

ఈ ఆదివారం: చింత 868. గరిక 1,010. జామ 975.